అంబోసెలికి ఒక్క రాత్రి చాలదు

కిందటి సంచికలో కెన్యాలోని అంబోసెలి నేషనల్ పార్క్ గురించి నాలుగు మాటలు రాసి, సందేహాలుంటే అడగమన్నాను. అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చాయి. ఒకే సందేహం చాలామందికి ఉన్నచోట ఒకరి ప్రశ్నే తీసుకున్నాను. నేను నైరోబీలో పదకొండేళ్లు ఒక కంపెనీ లెక్కల విభాగంలో పనిచేశాను. ఆ కాలంలో అంబోసెలికి పదిహేడుసార్లు వెళ్లాను. నాకు బాగా తెలిసిన పార్కు అదొక్కటే. అందుకే జవాబులన్నీ అక్కడి అనుభవంతోనే చెబుతున్నాను.

ప్రశ్న: మేం తీసుకున్న టూర్ ప్యాకేజీ ఎనిమిది రోజులు. అందులో అంబోసెలికి ఒక్క రాత్రి, తర్వాత నకూరు సరస్సు, ఆ తర్వాత మసాయి మారా. అంబోసెలి చిన్న పార్కే కాబట్టి ఒక్క రాత్రి చాలంటున్నారు. నిజమేనా? – ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: చాలదండీ. చిన్న పార్కన్న మాట నిజమే, మొత్తం 392 చదరపు కిలోమీటర్లు. కానీ ఒక్క రాత్రి అంటే ఎంతసేపో లెక్క వేసి చూడండి. నైరోబీలో పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి లాడ్జి చేరతారు. భోజనం చేసి నాలుగింటికి బయటికి వస్తే, ఆరున్నరకు చీకటి పడుతుంది. మర్నాడు ఆరింటికి లేచి తిరిగితే తొమ్మిదింటికల్లా సామాన్లు సర్దమంటారు. పార్కులో గడిపింది మొత్తం ఐదున్నర గంటలు. ఆ రెండు పూటలూ మబ్బు పట్టిందా, పార్కు ఎదురుగా ఉండే కిలిమంజారో కొండను చూడకుండానే వెనక్కి వస్తారు.

నా మొదటి ప్రయాణం అచ్చం ఇలాగే జరిగింది. ఓ ఏజెంటు దగ్గర వ్యాన్ మాట్లాడుకుని వెళ్లాను. పార్కులోకి అడుగుపెట్టిన పది నిమిషాలకే డ్రైవరు రేడియోలో ఎవరో సింహం కనపడిందన్నారు. ఇక అక్కణ్నుంచి పరుగే పరుగు. దారిలో ఓ ఏనుగుల గుంపు రోడ్డు దాటుతుంటే, వాటి వెనకనుంచి తప్పించుకుని మరీ ముందుకు తీసుకెళ్లాడు. తీరా వెళ్తే అక్కడ ఆరు వ్యాన్లు, గడ్డిలో ఒక తోక కొస. మర్నాడు తొమ్మిదింటికి తిరుగు ప్రయాణం. అంత దూరం వెళ్లి నేను చూసింది ముందు వ్యాన్ లేపిన దుమ్మే అనిపించి, ఇల్లు చేరేదాకా మనసు మనసులో లేదు.

రెండోసారి మా ఆఫీసులో ఒకాయన తనకు తెలిసిన డ్రైవర్ని పంపించాడు. అరవై దాటిన మనిషి. అందరూ ఆయన్ని 'మ్జే' అని పిలిచేవారు. స్వాహిలీలో అది పెద్దవారిని గౌరవంగా పిలిచే మాట. ఆయన రేడియో కట్టేశాడు. ఎంకోంగో నరోక్ అనే చిత్తడి నేల పక్కన బండి ఆపి, ఇంజన్ ఆపేసి, ఫ్లాస్కులోంచి టీ పోశాడు. "పోలే పోలే" అన్నాడు. నెమ్మదిగా, నెమ్మదిగా అని.

అరగంటసేపు ఏమీ లేదు. తర్వాత ఓ ఆడ ఏనుగు మేసుకుంటూ మేసుకుంటూ మా బండి వైపే వచ్చింది. అక్కడి గడ్డి పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ఊరికే లాగితే రాదు. అది తొండం కొసతో పరకలన్నీ ఒక గుప్పెడుగా కూడగట్టి పట్టుకుని, ముందరికాలి గోళ్లతో మొదట్లో ఒక్క తన్ను తన్నింది. టప్‌మని తెగింది. తెగిన గడ్డిని వెంటనే నోట్లో పెట్టుకోలేదు. మోకాలికేసి రెండుసార్లు దులిపింది. మట్టి రాలిపోయాకే నోట్లోకి పోయింది. మళ్లీ కూడగట్టడం, తన్నడం, దులపడం. దాని పొట్టకింద నిలబడ్డ గున్న కూడా అదే చేయబోయింది గానీ, తొండం ఇంకా దాని మాట వినడం లేదు. తాడులా అటూఇటూ తిరిగి, చివరికి ఒకే ఒక్క పరక దొరికితే, దాన్ని నోటిదాకా తేలేక నెత్తిమీద వేసుకుంది. నేను నలభై నిమిషాలు చూశాను. అంత దగ్గరలో ఉన్నా ఆ పెద్ద ఏనుగు నడుస్తుంటే అడుగుల చప్పుడే లేదు. గడ్డి తెగిన చప్పుడు, ఊపిరి చప్పుడు మాత్రమే వినిపించాయి.

కాబట్టి నా సలహా, నకూరును వదిలేయండి. అది నైరోబీకి వాయవ్యాన ఉంది, అంబోసెలి ఆగ్నేయాన. ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లడానికే ఒక రోజంతా బండిలో పోతుంది. ఆ రాత్రి కూడా అంబోసెలికే ఇవ్వండి. వీలైతే మూడు రాత్రులు.

ప్రశ్న: ఏనుగుల వెనక మంచు కొండ ఉన్న ఫొటోలు చూసే వెళ్లాలనుకుంటున్నాం. కిలిమంజారో తప్పకుండా కనపడే నెల ఏది? – కొత్తగా పెళ్లయిన జంట

జవాబు: తప్పకుండా అనే హామీ ఎవరూ ఇవ్వలేరు. నా పదిహేడు ప్రయాణాల్లో నాలుగుసార్లు శిఖరం కనపడనే లేదు. నెలకంటే వేళ ముఖ్యం. తెల్లవారుజాము నుంచి ఎనిమిది, తొమ్మిది దాకా, మళ్లీ సాయంత్రం ఐదు దాటాక ఎక్కువగా కనపడుతుంది. మధ్యలో ఎండ ఎక్కేకొద్దీ కొండ చుట్టూ మబ్బు పేరుకుంటుంది. అప్పుడు చూస్తే అక్కడ కొండ ఉందంటే నమ్మలేరు.

నెలల మాటకొస్తే, జనవరి, ఫిబ్రవరి నాకు బాగా కలిసొచ్చాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా ఎండు కాలం. జంతువులన్నీ నీళ్ల దగ్గరికే చేరతాయి కాబట్టి చూడటం తేలిక. కానీ జూలై, ఆగస్టుల్లో ఆకాశం చాలా రోజులు మూసుకునే ఉంటుంది. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు. నవంబరులో చిన్న వానలు. వాన వెలిసిన మర్నాడు గాలిలో దుమ్మంతా కడుక్కుపోయి, కొండ చేత్తో తాకొచ్చన్నంత దగ్గరగా కనపడుతుంది. ఒకసారి ఏప్రిల్లో అలా చూశాను. అదే ప్రయాణంలో నల్లమట్టిలో బండి దిగబడి మూడు గంటలు ఉండిపోయాం కూడా.

మీరు చూసే గుండ్రటి మంచు తల కిబో, 5,895 మీటర్లు. దానికి ఎడమ పక్కన విరిగిన పన్నులా ఉండేది మావెంజి. కొండ టాంజానియాలో ఉంది, పార్కు కెన్యాలో. ఎక్కాలనుకుంటే సరిహద్దు దాటి వెళ్లాలి. చూడటానికి మాత్రం ఈ వైపే మేలని నా అభిప్రాయం. ఇక్కణ్నుంచి చూస్తే కొండ మొదలు నుంచి తలదాకా ఒకే చూపులో అందుతుంది. అక్కడ ఆవుల్ని మేపుకునే తెగ మసాయిలు దాన్ని ఓల్ దోయిన్యో ఓయిబోర్ అంటారు, తెల్ల కొండ అని. ఆ తెలుపు తగ్గిపోతోంది. 1912తో పోలిస్తే ఆ హిమానీనదాల్లో నూటికి 80 వంతులకు పైగా కరిగిపోయింది. నేనున్న పదకొండేళ్లలోనే ఎండు నెలల్లో నల్లరాయి కనపడటం ఎక్కువైంది. చూడాలనుకుంటే వాయిదా వేయకండి.

ప్రశ్న: ఒక ఫొటోలో నేలంతా పగిలి దుమ్ము లేస్తోంది. ఇంకో ఫొటోలో ఏనుగులు పొట్టదాకా నీళ్లలో ఉన్నాయి. రెండూ అంబోసెలే అంటున్నారు. ఎలా సాధ్యం? – ఎనిమిదో తరగతి విద్యార్థి

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగావు బాబూ. ఈ పార్కు గుట్టంతా అందులోనే ఉంది. పార్కు పేరే దుమ్ము నుంచి వచ్చింది. మసాయి భాషలో 'ఎంపుసెల్' అంటే ఉప్పు దుమ్ము నిండిన చోటు అని చెబుతారు. హిందూ మహాసముద్రం మీదినుంచి వచ్చే తడిగాలి కిలిమంజారోకు తగిలి, చాలావరకు అవతలి వైపే కురిసేస్తుంది. ఇవతల ఉన్న అంబోసెలికి వాన చాలా తక్కువ. పడమర వైపు పెద్ద సరస్సు అడుగు ఉంది, ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోయే ఉంటుంది. మధ్యాహ్నం దానిమీద ఎండమావులు చూస్తే నిజంగా నీళ్లే అనుకుంటావు. దుమ్ము సుడులు తాటిచెట్టంత ఎత్తు లేచి తిరుగుతుంటాయి.

మరి నీళ్లు ఎక్కడివి? కొండవే. కిలిమంజారో అగ్నిపర్వతం. దాని రాయి నిండా సందులు, రంధ్రాలు. కొండ వాలు మీది అడవుల్లో కురిసిన వాన ఆ రాళ్లలోకి ఇంకిపోయి, నేల కింద నెమ్మదిగా ప్రయాణించి, అంబోసెలి మైదానంలో ఊటలుగా పైకి వస్తుంది. అలా ఏర్పడినవే ఎంకోంగో నరోక్, లోంగిన్యే అనే చిత్తడి నేలలు. చుట్టూ ఎంత ఎండినా అవి పచ్చగానే ఉంటాయి.

పొద్దున్నే ఏనుగులు బయటి పొదల్లోంచి వరసకట్టి ఈ నీళ్లకు వస్తాయి, సాయంత్రం తిరిగి వెళ్తాయి. నీళ్లలోంచి పైకి వచ్చిన ఏనుగును చూస్తే, పొట్ట సగంలో గీత గీసినట్టు ఉంటుంది. గీత కింద నల్లగా తడి, గీత పైన బూడిదరంగు దుమ్ము. ఆ గీతను బట్టి నీళ్లు ఎంత లోతో చెప్పేయొచ్చు. దాని వీపుమీద తెల్లకొంగలు. అది అడుగేస్తే లేచే పురుగుల కోసం వెంటే తిరుగుతాయి.

ఇంకో మాట కూడా తెలుసుకో. నీళ్లుంటే సరిపోదు. 2009లో పెద్ద కరువు వచ్చింది. ఊటలు ఎండలేదు, కానీ చుట్టూ గడ్డి అయిపోయింది. జీబ్రాలు, వైల్డ్‌బీస్టులు, మసాయిల ఆవులు వేలల్లో చచ్చిపోయాయి. మేత లేక చాలా ఏనుగులూ పోయాయి.

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు, అల్లరి ఎక్కువ. ఏనుగులు బండి దగ్గరికి వస్తాయంటే నాకు టెన్షన్‌గా ఉంది. ప్రమాదం కాదా? – ఒక తల్లి

జవాబు: మీ భయం అర్థమైందమ్మా. అడవి జంతువు అడవి జంతువే, ఎన్నిసార్లు చూసినా నాకూ కొంచెం గుండె దడ ఉంటుంది. అయితే ఇక్కడి ఏనుగులు తరాలుగా బండ్లను చూస్తున్నవి. మనం హద్దులో ఉంటే అవీ ఉంటాయి. బండిని వాటి దారికి అడ్డంగా పెట్టకూడదు. తల్లికీ గున్నకూ మధ్యలోకి పోకూడదు. ఏనుగు చెవులు రెండూ బార్లా చాచి, తల ఎత్తి నేరుగా మీవైపు చూసినా, తల విదిల్చినా 'ఇక చాలు, జరగండి' అంటోందని అర్థం. మంచి డ్రైవరు అంతదాకా రానివ్వడు. బాబును కాళ్లు కింద పెట్టి కూర్చోమనండి. చేతులు కిటికీలోంచి బయటపెట్టకూడదు.

ఒంటరి మగ ఏనుగు విషయంలో మాత్రం ఎక్కువ జాగ్రత్త కావాలి. కణత దగ్గర తడి చార, వెనక కాళ్లమీదుగా మూత్రం చుక్కలు చుక్కలుగా కారడం, ఘాటైన వాసన ఉంటే అది మదం మీద ఉన్న ఏనుగు. మన భాషలో మదపుటేనుగు, మదజలం అన్న మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి. కానీ ఆఫ్రికా ఏనుగులకు కూడా మదం వస్తుందని శాస్త్రవేత్తలు గుర్తించి రాసింది 1981లోనే. గుర్తించిన చోటు ఈ అంబోసెలే. జాయిస్ పూల్, సింథియా మాస్ అనే ఇద్దరు మహిళలు రాశారు. అలాంటి ఏనుగు కనపడితే ఎంత అందంగా ఉన్నా దూరంనుంచే చూసి పక్కకు తప్పుకోండి.

అల్లరి సంగతి. బాబుకు ముందే ఒక విషయం చెప్పి తీసుకెళ్లండి, వాడే బుద్ధిగా కూర్చుంటాడు. అంబోసెలి ఏనుగులు మనుషుల గొంతులు గుర్తుపడతాయి. కేరన్ మెకాంబ్ అనే పరిశోధకురాలు, ఆమె తోటివారు ఇక్కడి ఏనుగులకు రికార్డు చేసిన గొంతులు వినిపించారు. ఒకే మాట మసాయి మగవాళ్లు అన్నప్పుడు అవి బెదిరి దగ్గరగా గుమికూడి వెనక్కి తగ్గాయి. ఎందుకంటే మసాయి యువకులు అప్పుడప్పుడూ ఈటెలు విసురుతారు. ఆ మాటే కాంబా తెగవాళ్లు అన్నప్పుడు అంత కంగారు పడలేదు. మసాయి ఆడవాళ్ల గొంతుకు, పిల్లల గొంతుకు కూడా అంతే. 2014లో అచ్చయిన పరిశోధన ఇది. 'నువ్వు మాట్లాడితే ఏనుగు వింటుంది, నువ్వెవరో ఆలోచిస్తుంది' అని చెప్పండి. మా స్నేహితుల పాపకు ఈ మాట చెబితే ఆ పూటంతా గుసగుసలాడుతూనే మాట్లాడింది.

ప్రశ్న: సింహాలు, ఖడ్గమృగాలు, చిరుతలు అన్నీ అంబోసెలిలో కనపడతాయా? – ఒక పాఠకుడు

జవాబు: ఖడ్గమృగాలు ఇప్పుడు ఇక్కడ లేవు. చిరుత దొరకడం కష్టం, నేనైతే చూడలేదు. సింహాలు ఉన్నాయి, కొద్దిగా. వాటికోసమే అయితే మసాయి మారా వెళ్లండి. ఇక్కడికి ఏనుగుల కోసం, పక్షుల కోసం, కొండ కోసం రండి. బంగారు రంగు కిరీటం పెట్టుకున్నట్టుండే క్రౌంచ పక్షులు జంటగా గంతులేయడం ఒక్కసారి చూస్తే సింహం గుర్తుకు రాదు.

ప్రశ్న: ఏనుగులన్నీ ఒకేలా ఉంటాయి. రోజంతా వాటినే చూస్తే విసుగు రాదా? నిష్ఠూరంగా అడగడం లేదు, నిజంగానే తెలుసుకుందామని. – రిటైర్డ్ ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, మీ తరగతిలో అరవైమంది పిల్లలు మొదటి రోజు ఒకేలా కనపడి ఉంటారు. నెల తిరిగేసరికి వెనక బెంచీలో ఎవరు దగ్గారో తలెత్తకుండా చెప్పగలిగి ఉంటారు. ఇదీ అంతే.

సింథియా మాస్ 1972లో ఇక్కడి ఏనుగుల్ని ఒక్కొక్కటిగా గుర్తుపట్టడం మొదలుపెట్టారు. చెవి అంచుల్లో చిరుగులు, గాట్లు, చెవిమీద నరాల గీతలు ఒకదానికున్నట్టు ఇంకోదానికి ఉండవు. వాటి ఫొటోలు తీసి పట్టిక పెట్టుకున్నారు. కుటుంబానికో అక్షరం పెట్టి, ఆ కుటుంబంలో అందరికీ ఆ అక్షరంతోనే పేర్లు పెట్టారు. ఆ పని ఇప్పటికీ సాగుతోంది. ఏ ఏనుగు ఎవరి కూతురో, ఎవరి మనవరాలో రాసి ఉంది. లోకంలో ఏనుగుల మీద ఇంతకాలం సాగిన పరిశోధన ఇంకోటి లేదు.

ఎకో అనే పెద్ద ఏనుగు కథ చెబుతాను. 1990లో దానికో మగ గున్న పుట్టింది. దానికి ఎలీ అని పేరు పెట్టారు. ముందరికాళ్లు మణికట్టు దగ్గర వంగిపోయి నిటారుగా రావడం లేదు. నిలబడలేక మోకాళ్లమీద పాకింది. మిగతా గుంపు మేతకు వెళ్లిపోయినా ఎకో కదల్లేదు. దాని కూతురు ఎనిడ్ కూడా ఉండిపోయింది. గున్న పాకినంత దూరమే అవీ నడిచాయి. అది ఆగితే అవీ ఆగాయి. చూసేవాళ్లు ఆశ వదులుకున్నారు. మూడో రోజుకు ఆ గున్న కాళ్లు సాగదీసి, అరికాళ్లమీద నిలబడింది. తర్వాత పెరిగి పెద్దదైంది. ఎకో 2009 కరువు ఏడాదిలో ముసలితనంలో పోయింది.

ఈ కథ తెలిశాక నేను పార్కుకు వెళ్లిన ప్రతిసారీ గుంపులో ఎవరు ఎవరికోసం ఆగుతున్నారో చూడటం మొదలుపెట్టాను. మీరూ అదే చూడండి. నడక ఎవరు మొదలుపెడుతున్నారు, వెనక ఎవరున్నారు, గున్న అరిస్తే ఎన్ని తలలు తిరుగుతున్నాయి. 2024లో ఇంకో పరిశోధన వచ్చింది. అంబోసెలిలో, కెన్యాలోనే ఉన్న సంబురులో ఏళ్లతరబడి రికార్డు చేసిన ఏనుగుల పిలుపుల్ని కంప్యూటర్‌తో పరిశీలించి, ఏనుగులు ఒకదాన్నొకటి పేరులాంటి పిలుపుతో పిలుచుకుంటాయని తేల్చారు. తనను పిలిచిన పిలుపు వినిపిస్తే ఆ ఏనుగు ఎక్కువగా స్పందించిందట. మనం పెట్టిన పేర్లు కాదు మాస్టారూ, వాటివే.

ప్రశ్న: శాకాహారులం. ఇబ్బంది పడతామా? – ఇద్దరు అక్కచెల్లెళ్లు

జవాబు: పడరు. లాడ్జిలో ముందే చెప్పండి. మొక్కజొన్న గింజలు, చిక్కుడు గింజలు కలిపి ఉడికించే గిథేరి, సుకుమా వికి అనే ఆకుకూర, చపాతీ కెన్యా అంతటా దొరుకుతాయి. గిథేరి వేడిగా ఉన్నప్పుడే తినండి.

ప్రశ్న: నైరోబీ నుంచి ఎలా వెళ్లాలి? సొంతంగా కారు నడుపుకుంటూ వెళ్లొచ్చా? వీసా, టీకాల సంగతి కూడా చెప్పండి. – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: రోడ్డు మీద సుమారు 240 కిలోమీటర్లు, నాలుగైదు గంటలు. మొంబాసా హైవే మీద ఎమాలి దాకా వెళ్లి, అక్కడ కుడివైపు తిరిగి కిమానా గేటుకు వెళ్లే దారి మంచిది. నమంగా మీదుగా ఇంకో దారి ఉంది, దాని చివరి భాగం నడుములు విరగ్గొడుతుంది. మొంబాసా హైవే నిండా లారీలే. ఓవర్‌టేక్‌లు చూస్తే భయం వేస్తుంది. పొద్దున ఆరింటికి బయల్దేరండి, రాత్రి ప్రయాణం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టుకోకండి. విమానంలో అయితే నైరోబీ విల్సన్ విమానాశ్రయం నుంచి ముప్పావు గంట. 2017లో మొదలైన నైరోబీ–మొంబాసా రైలు కూడా ఉంది. అన్ని స్టేషన్లలో ఆగే రైలు ఎక్కితే ఎమాలిలో దిగొచ్చు, అక్కడికి బండి ముందే రప్పించుకోవాలి.

సొంత డ్రైవింగ్‌కు అనుమతి ఉంది. మొదటిసారి మాత్రం వద్దంటాను. మీ కళ్లు రోడ్డుమీద ఉంటే ఏనుగుల్ని ఎవరు చూస్తారు? డ్రైవర్‌ని మాట్లాడుకునేటప్పుడు అడగాల్సింది ఒక్కటే. 'నేను ఆపమన్నచోట గంటసేపు ఆపుతారా?' నీళ్లు నమిలితే ఇంకొకరిని చూసుకోండి.

2024 జనవరి నుంచి కెన్యాకు వీసా బదులు ఈటీఏ అనే అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకుని ఆ కార్డు పాస్‌పోర్టుతో పాటే పెట్టుకోండి. కెన్యా నుంచి భారత్‌కు తిరిగి వచ్చినప్పుడు కూడా చూపించాలి. మలేరియా మాత్రల గురించి డాక్టర్ని అడగండి. పార్కు ప్రవేశ రుసుము గేటు దగ్గర నగదుగా తీసుకోరు, ఆన్‌లైన్‌లోనే కట్టాలి. చిన్నచిన్న ఖర్చులకు కొన్ని షిల్లింగులు దగ్గరుంటే చాలు.

ప్రశ్న: పార్కులో చేయకూడనివి ఏవి? డ్రోన్ తీసుకెళ్లొచ్చా? – ఒక యువకుడు

జవాబు: డ్రోన్ ఇంట్లోనే ఉంచు తమ్ముడూ. అనుమతి లేకుండా ఎగరేస్తే పట్టుకుంటారు. ఏనుగులకు ఆ చప్పుడంటే తేనెటీగల గుంపు వచ్చినంత భయం. కెన్యాలో ప్లాస్టిక్ సంచులు 2017 ఆగస్టు నుంచి నిషేధం. ఒకసారి వాడి పారేసే నీళ్ల సీసాలు పార్కుల్లోకి 2020 జూన్ నుంచి రానివ్వరు. స్టీలు సీసా తెచ్చుకో. దారి వదిలి గడ్డిలోకి బండి దించకూడదు. ఆ నేలమీద ఒకసారి పడిన టైరు గాడి ఏళ్లతరబడి పోదు. బండి దిగడానికి వీలున్న చోటు అబ్జర్వేషన్ హిల్ లాంటి ఒకటి రెండే.

దుమ్ము గురించి ఎవరూ అడగలేదు గానీ నేనే చెబుతాను. అది మామూలు మట్టి కాదు, పౌడరులాంటి ఉప్పు బూడిద. కళ్లు మండుతాయి. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు కళ్లజోడు తెచ్చుకోండి. పల్చటి నూలు తువ్వాలు ముక్కుకు కట్టుకోవడానికీ, కెమెరా చుట్టుకోవడానికీ పనికొస్తుంది.

ప్రశ్న: ఆ భూమి మసాయిలది, వాళ్లను పక్కకు నెట్టి పార్కు చేశారని చదివాను. మనం వెళ్లి డబ్బు ఖర్చు పెడితే వాళ్లకేమైనా ఒరుగుతుందా? – ఒక సామాజిక కార్యకర్త

జవాబు: మీరు చదివింది నిజమే. అంబోసెలి 1974లో నేషనల్ పార్క్ అయ్యింది. తరతరాలుగా కరువులో ఆవుల్ని ఆ చిత్తడి నేలలకే తోలుకొచ్చిన వాళ్లకు ఆ నీళ్లు దూరమయ్యాయి. ఆ కోపంలో కొందరు ఏనుగుల్ని, ఖడ్గమృగాల్ని ఈటెలతో పొడిచిన రోజులూ ఉన్నాయి. ఆ బాధను తీసిపారేయలేం.

కానీ ఇవాళ ఆ ఏనుగులు బతికున్నాయంటే అదీ మసాయిల వల్లనే. 392 చదరపు కిలోమీటర్లు ఒకటిన్నర వేలకు పైగా ఏనుగులకు ఏ మూలకు సరిపోతాయి? అవి రాత్రిళ్లు ఉండేది, వానాకాలం తిరిగేది పార్కు బయట, మసాయిల భూముల్లోనే. కంచె లేదు. ఆ భూములు ముక్కలై, కిమానా చుట్టుపక్కల పొలాలు, కంచెలు లేస్తున్నాయి. ఏనుగు దారికి కంచె అడ్డం వస్తే పంట పోతుంది, లేదా ఏనుగు పోతుంది. నాకు ఈ పార్కు విషయంలో నిద్ర పట్టనివ్వని విషయం ఇదొక్కటే.

ఏనుగు బతికినా వెయ్యి, చచ్చినా వెయ్యి అంటాం. అక్కడి మసాయి కుటుంబానికి బతికున్న ఏనుగు వల్ల ఆ వెయ్యి చేతికి అందాలి. అందుకు మీరు చేయగలిగింది ఉంది. పార్కు లోపలి లాడ్జికి బదులు, మసాయిలు తమ భూముల్ని జంతువులకు వదిలి అద్దె తీసుకునే కన్సర్వెన్సీల్లోని క్యాంపుల్లో దిగండి. అక్కడ మీరు కట్టే రుసుములో భాగం భూమి ఉన్నవాళ్లకు వెళ్తుంది. బుక్ చేసేముందు ఎంత వెళ్తుందో అడగండి. సూటిగా చెప్పేవాళ్ల దగ్గరే దిగండి. పూసల దండలు కొంటే చేసిన ఆవిడ చేతికే డబ్బివ్వండి. అడగకుండా ఎవరి ఫొటో తీయకండి.

అక్కడ మారిన మనుషుల్నీ చూస్తారు. ఒకప్పుడు సింహాన్ని చంపడం యువకుడి మగతనానికి గుర్తు. 2007లో మొదలైన లయన్ గార్డియన్స్ అనే పథకంలో అలాంటి యువకులే జీతం తీసుకుని సింహాలకు కాపలా కాస్తున్నారు. అడుగుజాడలు చూసి సింహం ఎటు వెళ్లిందో ముందే పసిగట్టి, ఆవులు కాసే పిల్లల్ని హెచ్చరిస్తారు.

ప్రశ్న: మా అమ్మకు డెబ్బై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు. ఏనుగులంటే ప్రాణం. తీసుకెళ్లొచ్చా? – ఒక కూతురు

జవాబు: తీసుకెళ్లండమ్మా. ఇక్కడ నడక ఉండదు, చూసేదంతా కూర్చునే చూస్తాం. మా అమ్మను నేను డెబ్బై ఏళ్ల వయసులో తీసుకెళ్లాను. పైకప్పు లేచే ల్యాండ్ క్రూయిజర్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఎక్కడానికి చిన్న స్టూలు పెట్టమని ముందే చెప్పండి. కుదుపులకు నడుం వెనక దిండు కావాలి. ఎమాలి దాకా రోడ్డు మీద వచ్చేబదులు, ఖర్చైనా విమానం మేలు. పొద్దున్నే చలిగా ఉంటుంది, శాలువా మరిచిపోకండి. అబ్జర్వేషన్ హిల్ మెట్లు ఎక్కలేకపోతే బాధపడనివ్వకండి. మా అమ్మ కింద బండిలోనే కూర్చుంది. మేం పైనుంచి దిగివచ్చేసరికి, దూరంగా నీళ్లలో ఉన్న ఏనుగుల్ని లెక్కపెడుతోంది. ముప్పై నాలుగు దగ్గర ఉంది, మాట్లాడొద్దని చెయ్యి చూపించింది.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. తెల్లవారాక కిమానా గేటు వైపు నుంచి పార్కులోకి వెళ్తుంటే కొండ ఎడమవైపు ఉంటుంది. కెన్యాలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. అమ్మగారిని ఎడమ కిటికీ దగ్గర కూర్చోబెట్టండి.